సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్: న్యూస్ పేపర్ ముందా, పుస్తకం ముందా?

మంజీర_23: ఎస్సీ వర్గీకరణపై, అంటే ఎస్సీ కోటాను ఉపకులాల గ్రూపులుగా పంచడంపై, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును నోట్సులో ఎక్కడ పెట్టుకోవాలి? పేపర్ 1 మొదటి భాగంలో 'సమానత్వం' ఉంది, రెండో భాగంలో కుల రాజకీయాలు ఉన్నాయి. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపేశాను.

గట్టుమీద: ముందు అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్‌ని చదవండి. అసమానతలు ఉంటే అవి అందరికన్నా అడుగున ఉన్నవాళ్లకు మేలు చేయాలంటాడు. ఆ అడుగున ఉన్నవాళ్లంతా ఒకే గుంపా అన్నదే వర్గీకరణ గొడవ. అది పట్టుబడితే తీర్పు రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది. పేపర్ కటింగులు అతికించుకుంటూ పోతే అది నోట్సు కాదు, పచారీ కొట్టు.

లింగంపల్లి లోకల్: ఒప్పుకోను. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. 2000లో ఉమ్మడి రాష్ట్రం నాలుగు గ్రూపులు చేస్తూ చట్టం తెచ్చింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఎస్సీలను విడదీసే అధికారం రాష్ట్రానికి లేదంది. ఇరవై ఏళ్లకు దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జిలు ఆ మాటను తిరగరాశారు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ఎస్సీ రిజర్వేషన్లను మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం చొప్పున పంచి అమల్లోకి తెచ్చింది. మా ఊళ్లో ఆ డప్పు విన్నవాడికి ప్రశ్న ఏంటో రాల్స్ వచ్చి చెప్పాలా?

టీ బ్రేక్: ఏడుగురూ ఒకే మాట అన్నారా?

గట్టుమీద: లేదు, 6:1. జస్టిస్ బేలా త్రివేది విభేదించారు. హెడ్డింగులు చదివి తీర్పు వదిలేస్తే ఇంతే.

లింగంపల్లి లోకల్: అడిగింది నేను కాదు కదా, నాకెందుకు తగిలిస్తారు?

గట్టుమీద: మీ పద్ధతికి తగిలించాను. మొదటిసారి నేనూ నెలనెలా మ్యాగజైన్ బట్టీపట్టాను, ఆప్షనల్‌లో 500కి 212. తర్వాత థియరీ పట్టుకున్నాను, 271. ఇంకేం సాక్ష్యం కావాలి?

లింగంపల్లి లోకల్: రెండోసారి రాస్తే ఎవరికైనా పెరుగుతాయి.

ఉప్పాడ: గట్టుమీద గారి మాటలో కొంత నిజముంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో, బిల్లులపై నిర్ణయానికి గవర్నర్లకు సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు నవంబరులో జవాబిస్తూ, కోర్టు అలా గడువులు పెట్టకూడదని సుప్రీంకోర్టే అంది. ఏప్రిల్ నోట్సుతో పరీక్షకు వెళ్లినవాడి గతేంటి?

గట్టుమీద: అదే చెబుతున్నాను. వార్త మారింది. గవర్నర్ రాష్ట్రం మనిషా, కేంద్రం మనిషా అన్న ప్రశ్న కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై 1980ల్లో వేసిన సర్కారియా కమిషన్ నాటిదే. చదివే ఓపిక లేనివాళ్లే పేపర్ పేపర్ అంటారు.

లింగంపల్లి లోకల్: ఓపికా? నేను తెలుగు మీడియం. మీరు చెప్పే పుస్తకాలు తెలుగులో చూపించండి. మా డిగ్రీ పుస్తకంలో రాల్స్‌కి ఒక పేజీ ఇచ్చారు, అందులో సగం పుట్టుపూర్వోత్తరాలు. కోచింగ్‌లో ఇంగ్లిష్ నోట్సు చేతిలో పెట్టి చూసుకోమన్నారు, ఫీజు మాత్రం తెలుగులోనే లెక్కపెట్టుకున్నారు. మా లైబ్రరీకి రోజూ వచ్చేది తెలుగు పేపరొక్కటే. అక్కడ కాకపోతే ఎక్కడ మొదలుపెట్టను?

టీ బ్రేక్: ఇదన్నమాట అసలు సంగతి.

గట్టుమీద: మా నాన్న లెక్చరర్. పుస్తకాల కోసం తిరిగే అవసరం నాకు రాలేదు, ఒప్పుకుంటాను. కానీ దిద్దేవాళ్లకు మీ లైబ్రరీ కనబడదు.

లింగంపల్లి లోకల్: దిద్దేవాళ్ల సంగతి నాకూ తెలుసు. పచారీ కొట్టు అన్నది మీరు.

గట్టుమీద: రాల్స్ మీద తెలుగులో నాలుగు పేజీలు రాసుకున్నాను. రాత్రికి పెడతాను.

లింగంపల్లి లోకల్: పెట్టండి. చదువుతాను, అంతే.

మంజీర_23: నాలుగోసారి రాస్తున్నాను. ఎడమ పేజీలో చిన్నయ్య నుంచి దవీందర్ దాకా, కుడి పేజీలో రాల్స్. క్రీమీలేయర్, అంటే బాగా ఎదిగినవాళ్లను రిజర్వేషన్ నుంచి తప్పించడం, ఎస్సీలకూ ఉండాలని ఆ తీర్పులోనే నలుగురు జడ్జిలు అన్నారు కదా, అది ఏ పేజీలోకి వస్తుంది?

లింగంపల్లి లోకల్: అది నాలుగు పేజీల ఆయన్నే అడగండి.