ఇంటి బీపీ మిషన్ రీడింగులు సర్వర్‌లో రెండేసి సార్లు పడుతున్నాయి, ఆపేదెలా?

బ్లూటూత్ బీపీ మిషన్ నుంచి ఫోన్ యాప్‌కి, అక్కడి నుంచి ఫైర్ ఆర్4 (FHIR R4, ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) సర్వర్‌కి రీడింగులు వెళ్లే ఏర్పాటు ఇది. నెట్ లేనప్పుడు యాప్ వాటిని ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ రాగానే పంపుతుంది. సర్వర్ రీడింగ్ తీసుకున్నాక జవాబు దారిలోనే తెగిపోతే, యాప్ అందలేదనుకుని మళ్లీ పంపుతోంది. ఒకే కొలత సర్వర్‌లో రెండు అబ్జర్వేషన్లు (కొలత రికార్డులు) అవుతోంది, డాక్టర్ చూసే వారం సగటు మారిపోతోంది.

ఇఫ్-నన్-ఎగ్జిస్ట్ హెడర్ (ఇదే గుర్తింపుతో రికార్డు లేకపోతేనే కొత్తది చేయమని సర్వర్‌కి చెప్పేది) పెడితే రెండోది పడదు, నిజమే. కానీ దానికి మారని గుర్తింపు ఒకటి కావాలి. యాప్ పుట్టించే యూయూఐడీ (మరోసారి రాని యాదృచ్ఛిక గుర్తింపు నంబరు) సగమే పనికొస్తుంది: మిషన్ తన మెమరీలోని పాత రీడింగును మళ్లీ పంపితే యాప్ దానికి కొత్త నంబరు వేస్తుంది. పోనీ, మిషన్ సీరియల్ నంబరుకి రీడింగ్ సమయం కలుపుదామంటే, బ్లూటూత్ బీపీ ప్రొఫైల్‌లో సమయం ఐచ్ఛికం, టైమ్‌జోన్ అసలే ఉండదు. బ్యాటరీ మార్చాక గడియారం వెనక్కి పోతే, వేర్వేరు రీడింగులకు ఒకే గుర్తింపు వచ్చి రెండోది పోతుంది. నకలు కంటికి కనిపిస్తుంది, పోయిన రీడింగ్ కనిపించదు. అందుకే రీడింగ్ పోవడమే ఎక్కువ భయం.

సీరియల్, సమయం, సిస్టోలిక్, డయాస్టోలిక్, పల్స్ అన్నీ కలిపి హ్యాష్ చేస్తే (వాటి నుంచి ఒకే పొట్టి కోడ్ లెక్కగడితే) సరిపోతుందా? సమయమే పంపని మిషన్లకు ఏం వాడుతున్నారు? ఇప్పటికే నకళ్లున్న చోట సర్వర్ 412 (ఒకటికి మించి రికార్డులు సరిపోలాయనే ఎర్రర్) ఇచ్చి, పంపాల్సిన రీడింగుల క్యూ మొత్తం ఆగిపోతోంది. ఆ ఎర్రర్ వచ్చిన రీడింగును దాటించి మిగతావి పంపడం క్షేమమేనా?