నమ్మి చెప్పుకున్నది జోక్ అయిపోతే ఎలా అడగాలి?

మా టీమ్‌లో ఒకతను మంచి మాటకారి. నేను కొత్తగా చేరినప్పుడు మొదట చనువుగా పలకరించింది అతనే. తన మీద తనే జోకులేసుకునేవాడు, దాంతో ఎంత టెన్షన్ ఉన్నా అందరం తేలికపడేవాళ్లం. నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయమని ఒకసారి అతనికి నమ్మి చెప్పుకున్నాను. మొన్న మీటింగ్‌లో నేను నోరు తెరవబోతుంటే, "ఆగండి, ముందు మంచినీళ్లు ఇవ్వండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఉడుక్కున్నానని అనుకుంటారని.

రాడ్ మార్టిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: నలుగురినీ కలిపేది, కష్టంలో మనకు మనమే ధైర్యం తెచ్చుకునేది, ఎదుటివాళ్లను పొడిచేది, తనను తాను కించపరుచుకునేది. చదవడానికి బాగానే ఉంది. ఇతని మాటల్లో మాత్రం మొదటిదీ మూడోదీ కలిసిపోయి ఉంటాయి. మనిషి చెడ్డవాడు కాదు, చిక్కంతా అదే.

"సరదాకి అన్నాను, అంత సీరియస్ అయితే ఎలా" అని తప్పించుకునే వీలు లేకుండా ఈ విషయం ఎలా కదపాలి? విడిగా చెప్పాలా, అక్కడికక్కడే ఆపాలా? ఇలాంటిది ఎదురయ్యాక కూడా స్నేహం నిలిచినవాళ్లుంటే, ఏ మాటతో మొదలుపెట్టారో చెప్పండి.