నాస్ రెండో ఆల్బమ్‌కి అన్యాయం జరిగిందా?

రాత్రిపూట_డీజే:

ఏళ్ల తరబడి హిప్‌హాప్ ప్లే చేస్తున్నా, అంతకన్నా ముందు నుంచీ వింటున్నా. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: అమెరికన్ ర్యాపర్ నాస్ అంటే తొలి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’, ఆ తర్వాత అంతా దిగుడే. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. మొన్న ఇక్కడే ఒకరు ఆయన రెండో ఆల్బమ్ ‘ఇట్ వాజ్ రిటన్’ని ‘డబ్బుల కోసం చేసిన ఆల్బమ్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అందుకే విడిగా ఈ చర్చ పెడుతున్నా.

నేను చెప్పేది సూటిగా ఇది. 1996 జూలైలో ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు దాన్ని దానిగా విన్నవాళ్లు చాలా తక్కువ. 1994 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఇల్‌మాటిక్’ పక్కన పెట్టి తూచారు. పెద్దోడికి స్టేట్ ర్యాంక్ వచ్చిన ఇంట్లో రెండోవాడు ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఎవరి కంటికీ ఆనడు కదా, అదే జరిగింది. ‘ది సోర్స్’ హిప్‌హాప్ పత్రిక మొదటిదానికి ఐదుకి ఐదు మైకులిచ్చింది (మైకులంటే ఆ పత్రిక రేటింగ్), రెండోదానికి నాలుగు. నాలుగు తక్కువేం కాదు, కానీ ఆ ఒక్క మైకు తేడానే పట్టుకుని ముప్పై ఏళ్లుగా రెండోదాన్ని చిన్నచూపు చూస్తున్నారు.

రెండోదాంట్లో ‘ది మెసేజ్’ పాట వినండి. బ్రిటిష్ గాయకుడు స్టింగ్ పాటలోని గిటార్ తీసుకుని దాని కింద బరువైన డ్రమ్స్ వేశారు, బీట్ నున్నగా ఉందని విసుక్కునేవాళ్లు అక్కడే ఆగిపోతారు. దాని మీద నాస్ చేస్తున్నదేంటో వినరు. ప్రాస లైను చివర్లోనే కాదు, మధ్యలో రెండు మూడు చోట్ల తగులుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో వెతుక్కోవాలి. ఇక ‘ఐ గేవ్ యూ పవర్’లో కథ చెప్పేది తుపాకీ! మనుషుల్ని చంపీ చంపీ విసిగిపోయిన తుపాకీ సరిగ్గా సమయానికి పేలకుండా మొరాయిస్తుంది, దాని యజమాని పోతాడు, హమ్మయ్య అనుకునేలోపే ఇంకో చెయ్యి దాన్ని ఎత్తుకుంటుంది. ఇంత పకడ్బందీగా అల్లిన కథ ‘ఇల్‌మాటిక్’లో ఒక్కటి చూపించండి.

పాతక్యాసెట్:

మాస్టారూ, మీ అభిమానం మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. కథలంటున్నారు, ‘ఇల్‌మాటిక్’లోని ‘వన్ లవ్’ ఏమైంది? జైల్లో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరం, అందులో పేట కబుర్లు ఒక్కొక్కటే చెబుతుంటే ఆ కుర్రాడి జీవితం కళ్లముందు కదులుతుంది.

నా అసలు అభ్యంతరం బీట్ల గురించి కూడా కాదు. ‘ఇల్‌మాటిక్’లో నాస్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ ఇళ్ల సముదాయంలో పెరిగిన ఇరవయ్యేళ్ల కుర్రాడు, చూసింది చూసినట్టు చెప్తాడు. భయం ఉంటే భయమని చెప్తాడు. రెండేళ్లు తిరిగేసరికి కొలంబియా డ్రగ్స్ ముఠా నాయకుడి పేరు ‘ఎస్కోబార్’ పెట్టుకుని డ్రగ్స్ సరుకు నడిపించే దొర అయిపోయాడు. కిటికీలోంచి చూసినవాడి మాట నేను నమ్మాను, ఈ దొర మాట నమ్మలేకపోయాను. అది అన్యాయం ఎలా అవుతుంది?

ఇంకోటి, నిడివి. ‘ఇల్‌మాటిక్’ నలభై నిమిషాలు. దాటేయాల్సిన పాట ఒక్కటి లేదు. ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, లార్జ్ ప్రొఫెసర్, ఎల్.ఈ.ఎస్. ఇంతమంది బీట్లు చేసినా ఒకే గదిలో కూర్చుని చేసినట్టుంటుంది. రెండోదాంట్లో ట్రాక్‌మాస్టర్స్ పాట ఒక దారి, డాక్టర్ డ్రే పాట ఒక దారి, హావక్ పాట ఇంకో దారి. 2001లో ర్యాపర్ జే-జీ ‘టేకోవర్’ పాటలో నాస్ ఆల్బమ్‌లు లెక్కపెట్టి నిలబడేది ‘ఇల్‌మాటిక్’ ఒక్కటే అని ఎద్దేవా చేస్తే, అదే ఏడాది నాస్ జవాబిచ్చిన ఆల్బమ్ పేరేంటి? ‘స్టిల్‌మాటిక్’. తన బలం ఎక్కడుందో ఆయనకే తెలుసు.

ఎడిసన్_వాసి:

నాదొక మాట. డీజేలు రివ్యూ రాస్తే వచ్చే చిక్కే ఇది. మీరు పన్నెండు అంగుళాల సింగిల్ (విడిగా వచ్చిన పాట రికార్డు) వేస్తారు, అందులో గాయని లారిన్ హిల్ గొంతు రాగానే డ్యాన్స్ ఫ్లోర్ మొత్తం లేస్తుంది, ఆ రాత్రి ఆనందమంతా ఆల్బమ్ ఖాతాలో పడిపోతుంది. ఆ పాట, ‘ఇఫ్ ఐ రూల్డ్ ద వరల్డ్’, మంచిదే, కాదనను. కానీ మేం ఆల్బమ్ వినేది పనికెళ్తూ కార్లో, ఒంటరిగా. అక్కడ ఫ్లోర్ ఉండదు, పాట తన కాళ్ల మీద తను నిలబడాలి. ‘స్ట్రీట్ డ్రీమ్స్’లో యూరిథమిక్స్ బృందం ‘స్వీట్ డ్రీమ్స్’ బాణీ తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పండి.

రాత్రిపూట_డీజే:

ఎడిసన్ గారూ, నేను పైన మెచ్చుకున్న రెండు పాటల్లో ఒక్కటి కూడా ఫ్లోర్ మీద నడవదు. ‘ఐ గేవ్ యూ పవర్’ పార్టీలో వేస్తే జనం వెళ్లి కూర్చుంటారు. ఏది జనాన్ని లేపింది, ఏది నిజంగా బాగుంది అన్న తేడా రాత్రంతా దగ్గరుండి చూసేది మేమే, అందుకని ఆ రెండూ మేం కలిపేసుకుంటామంటే ఒప్పుకోను. ‘ఇఫ్ ఐ రూల్డ్ ద వరల్డ్’ని లెక్కలోంచి తీసేయండి. నా వాదన అలాగే నిలబడుతుంది.

డీజే చెవి ఎక్కడ పనికొస్తుందో చెప్తాను. పాట కలిపే ముందు హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని డ్రమ్స్ ఎక్కడ పడుతున్నాయి, గొంతు ఎక్కడ మొదలవుతుంది అని మళ్లీ మళ్లీ వింటాం. ‘ఇల్‌మాటిక్’లోని ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ అలా వినండి. ప్రీమియర్ డ్రమ్స్ కింద బేస్, పియానో తునక, అంతే, మిగతాదంతా ఖాళీ. ఎలా మొదలెట్టాలో తెలియట్లేదని నాస్ మైకులోనే గొణుగుతాడు, మరుక్షణం దూసుకొచ్చేస్తాడు. హుక్‌లో, అంటే పల్లవిలో, ర్యాపర్ రాకిమ్ పాత లైను ఒకటి తీసుకుని రికార్డుని ముందుకీ వెనక్కీ తిప్పి స్క్రాచ్ చేశాడు ప్రీమియర్, పాడే మనిషి అక్కర్లేకపోయింది. ఆ ఖాళీలో ప్రతి మాటా వినపడి తీరుతుంది. రెండో ఆల్బమ్‌లో అడుగున మోత చిక్కగా ఉంటుంది, కీబోర్డులు నిండుగా ఉంటాయి, మాట అందులో కలిసిపోతుంది. రాత తగ్గలేదండీ, వినపడే తీరు మారింది. ఈ తేడా చెప్పకుండా ‘సాహిత్యం పడిపోయింది’ అని రాసినవాళ్లందరితోనూ నాకు పేచీ ఉంది.

పాతక్యాసెట్ గారూ, ఎస్కోబార్ సంగతికొద్దాం. ఆ పేరు 1996లో ఊడిపడలేదు. 1995లో ర్యాపర్ రేక్వాన్ ‘ఓన్లీ బిల్ట్ ఫర్ క్యూబన్ లింక్స్’లో నాస్ అతిథిగా వచ్చినప్పుడే ఉంది. ఆ ఆల్బమ్ మొత్తం దొరల కథే, దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. జే-జీ ‘రీజనబుల్ డౌట్’ సరిగ్గా ‘ఇట్ వాజ్ రిటన్’కి వారం ముందు వచ్చింది, అదీ దొర వేషమే. ‘ది సోర్స్’ దానికీ నాలుగు మైకులే ఇచ్చింది, తర్వాతెప్పుడో ఐదుకి పెంచింది. జే-జీకి అది తొలి ఆల్బమ్, పోల్చడానికి ముందొకటి లేదు. అదే వేషం నాస్ వేస్తే మాత్రం మోసమా? ఇద్దరికీ ఒకే తూకం ఉండాలి కదా.

బెజవాడ_బూమ్‌బ్యాప్:

అన్నా, నేను మీ అందరికన్నా చిన్నవాణ్ణి, ఈ రెండూ ఫోన్లోనే విన్నాను, అదీ రెండోది ముందు, మొదటిది తర్వాత. నాకైతే ‘ఇట్ వాజ్ రిటన్’ దిగజారినట్టు ఎక్కడా అనిపించలేదు. పెద్ద బడ్జెట్‌తో తీసిన నేరకథలా ఉంది. ‘ఇల్‌మాటిక్’ విన్నాక అర్థమైంది ఏంటంటే, అది ఇంకా గొప్పది. కానీ రెండోది చెడ్డదని ఎవరూ చెప్పకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు. ఒక డౌట్, సింగిల్స్ పక్కనపెట్టి వినాలంటే ఏ పాటలు ముందు వినమంటారు?

పాతక్యాసెట్:

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఆలోచించాల్సిన మాటే. నేను 1994లో పడిన ఆశ్చర్యంతోనే 1996లో క్యాసెట్ పెట్టాను, కాదనను. డీజే గారు రేక్వాన్ ఆల్బమ్ గురించి అన్నదీ న్యాయమే. కానీ ఒక్క విషయంలో నా మాట నాదే. రేక్వాన్ దగ్గర నేను అంతకుముందు వేరే మనిషిని చూసి ప్రేమించలేదు, నాస్ దగ్గర చూశాను. అదే కళాకారుడి ముందు పని రివ్యూలోకి రాకూడదంటే ఎలా? వినేవాడికి జ్ఞాపకం ఉంటుంది, అది పక్కనపెట్టి రాస్తే ఆ రివ్యూలో మనిషి ఉండడు. నా మైకులు నాలుగే.

రాత్రిపూట_డీజే:

జ్ఞాపకం ఉండొద్దనడం లేదు సార్. నేను రివ్యూ రాస్తే ముందు ఆ ఆల్బమ్ ఏం చేయబోయిందో, ఎంతవరకు చేసిందో రాస్తా. పాతదానితో పోలిక తర్వాతి పేరాలో వస్తుంది. 1996 నాటి రివ్యూలు చాలావాటిలో మొదటి వాక్యమే ‘ఇల్‌మాటిక్’. మీరు నాలుగిచ్చారు, నేను నాలుగున్నర ఇస్తా. అర మైకు ఎందుకు తగ్గిస్తున్నానంటే మీరన్న కారణమే, పాటలు కొన్ని ఒకదానితో ఒకటి అతకవు.

బెజవాడ తమ్ముడూ, ‘సస్పెక్ట్’తో మొదలెట్టు. అది ఎల్.ఈ.ఎస్. బీట్, పాత నాస్‌కి దగ్గరగా ఉంటుంది. తర్వాత ‘టేక్ ఇట్ ఇన్ బ్లడ్’, అక్కడ తొందరపడకు, రెండోసారి విన్నప్పుడే లోపలి ప్రాసలు పట్టుబడతాయి. ‘ఐ గేవ్ యూ పవర్’ రాత్రిపూట, వేరే పనేదీ పెట్టుకోకుండా విను. ‘నాస్ ఈజ్ కమింగ్’ డ్రే బీటే అయినా నాకెప్పుడూ ఎక్కలేదు, దాటేసినా పర్లేదు.