సీపీయూ 35 శాతమే, అయినా క్వెరీలు నత్తనడక: క్లౌడ్ పోస్ట్‌గ్రెస్‌కి మానిటరింగ్ ఎలా పెట్టాలి?

ప్రశ్న

అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (క్లౌడ్‌లో డేటాబేస్ నడిపే సేవ) పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్. రెండు వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు), 8 జీబీ మెమరీ, 100 జీబీ జీపీ2 రకం డిస్క్. రాత్రి రిపోర్ట్ జాబ్ మొదలైన అరగంట వరకు అంతా బాగానే ఉంటుంది, ఆ తర్వాత అప్లికేషన్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఆ సమయంలో కూడా సీపీయూ 35 శాతం దాటదు. ఇప్పుడున్నది ఒక్కటే అలారం, సీపీయూ 80 దాటితే మెయిల్. అది ఒక్కసారీ మోగలేదు. మానిటరింగ్‌ని మొదటి నుంచీ సరిగ్గా పెట్టాలి. ఏవి కొలవాలి, ఏ వరసలో?

జవాబు 1

"అరగంట వరకు బాగానే" అన్నారు చూడండి, అక్కడే ఉంది విషయం. క్లౌడ్‌వాచ్‌లో (అమెజాన్ మానిటరింగ్ సేవ) బర్స్ట్‌బ్యాలెన్స్ గ్రాఫ్ తెరవండి, డిస్క్ అదనపు వేగానికి ఇంకా ఎన్ని శాతం క్రెడిట్లు మిగిలాయో చెప్పేది అదే. జీపీ2 డిస్క్‌కి జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకి చేసే రీడ్, రైట్‌ల సంఖ్య) చొప్పున వస్తాయి, అంటే మీ 100 జీబీకి 300. అవసరమైతే 3000 దాకా వెళ్లనిస్తుంది, కానీ అది 54 లక్షల క్రెడిట్ల ఖాతా నుంచి. జాబ్ పూర్తి వేగంతో చదువుతుంటే వచ్చే 300 పోగా సెకనుకి 2700 చొప్పున ఖర్చవుతాయి. 2000 సెకన్లు, అంటే దాదాపు 33 నిమిషాల్లో ఖాతా ఖాళీ. అక్కడి నుంచి 300 మీదే బండి లాగాలి. డిస్క్‌ని వాడకుండా వదిలేసినా ఖాతా మళ్లీ నిండడానికి 5 గంటలు పడుతుంది.

సీపీయూ ఎందుకు పెరగలేదంటే, సెషన్లన్నీ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఎదురుచూసేవాళ్లు సీపీయూ వాడరు. అదే సమయానికి రీడ్‌లేటెన్సీ (ఒక్కో రీడ్‌కి పట్టే సమయం), డిస్క్‌క్యూడెప్త్ (డిస్క్ కోసం క్యూలో ఉన్న పనులు) కూడా చూడండి. లేటెన్సీ సెకన్లలో ఉంటుంది, 0.02 అంటే 20 మిల్లీసెకన్లు.

జీపీ3 రకం డిస్క్‌కి మారితే 100 జీబీకే 3000 ఐఓపీఎస్ నిలకడగా వస్తాయి, క్రెడిట్ల గొడవే ఉండదు. మార్చాక కనీసం 6 గంటలు స్టోరేజ్‌ని మళ్లీ ముట్టుకోనివ్వదు కాబట్టి సైజు కూడా ఇప్పుడే తేల్చుకోండి.

జవాబు 2

పై లెక్క సరైనదే. కానీ డిస్క్ మార్చి ఊరుకుంటే ఏ క్వెరీ అంత చదువుతోందో ఎప్పటికీ తెలియదు. డేటాబేస్ లోపలి కొలతలు కావాలి.

డిఫాల్ట్ పారామీటర్ గ్రూప్‌ని (డేటాబేస్ సెట్టింగుల జాబితా) మార్చనివ్వరు, మీదంటూ ఒకటి తయారుచేసి ఇన్‌స్టాన్స్‌కి తగిలించండి. తగిలించాక ఒకసారి రీబూట్ చేయాలి, లేకపోతే "పెండింగ్ రీబూట్" అని చూపిస్తూ పాత విలువలతోనే నడుస్తుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (ఏ క్వెరీ ఎన్నిసార్లు, ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టేది) ఉందో లేదో చూడండి, ట్రాక్_ఐఓ_టైమింగ్ (డిస్క్ మీద గడిచిన సమయాన్ని కొలిచేది) ఆన్ చేయండి. ఆ తర్వాత డేటాబేస్‌లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కూడా నడపాలి, ప్రీలోడ్ ఒక్కటే చాలదు.

పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లోని అంకెలు రీసెట్ చేసేదాకా పెరుగుతూనే పోతాయి. అందుకే 5 నిమిషాలకోసారి కాపీ తీసి రెండు కాపీల మధ్య తేడా చూడాలి. వరస పెట్టేటప్పుడు సగటు సమయాన్ని కాదు, టోటల్_ఎగ్జెక్_టైమ్‌ని (క్వెరీ నడిచిన మొత్తం సమయం) పట్టుకోండి. 9 సెకన్ల రిపోర్ట్ గంటకోసారి నడిస్తే 9 సెకన్లే. 4 మిల్లీసెకన్ల చిన్న క్వెరీ గంటలో 50,000 సార్లు నడిస్తే 200 సెకన్లు. సగటు చూసేవాళ్లకి ఆ రెండోది కనపడనే కనపడదు. పక్కనే బ్లాక్_రీడ్_టైమ్ కాలమ్ పెట్టుకుంటే ఆ సమయంలో డిస్క్ వాటా ఎంతో తేలిపోతుంది.

ప్రశ్న వేసినవారు

బర్స్ట్‌బ్యాలెన్స్ సున్నాకి పడిపోతున్న సమయం, నెమ్మదించే సమయం ఒకటే. ధన్యవాదాలండి. మానిటరింగ్‌కి వేరే యూజర్‌ని పెట్టాం, కానీ క్వెరీ కాలమ్‌లో "ఇన్‌సఫిషియంట్ ప్రివిలేజ్" అని వస్తోంది.

జవాబు 2

ఆ యూజర్‌కి పీజీ_మానిటర్ రోల్ గ్రాంట్ చేయండి, సరిపోతుంది. మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్‌ని మాత్రం మానిటరింగ్ టూల్‌కి ఇవ్వకండి.

జవాబు 3

ఇక అలారాలు. మీకు అన్నిటికంటే ముఖ్యమైన కొలత యాక్టివ్ సెషన్ల సగటు, అంటే డీబీ లోడ్. మీకున్నవి రెండు వీసీపీయూలు. లోడ్ చాలాసేపు 2 పైన ఉంటే పని పేరుకుపోతున్నట్టే. ఎందుకు పేరుకుందో వెయిట్ ఈవెంట్ (సెషన్ దేనికోసం ఆగిందో చూపే పేరు) చెబుతుంది: డేటాఫైల్‌రీడ్ అయితే డిస్క్, లాక్ కింద ట్రాన్సాక్షన్ఐడీ కనిపిస్తే టేబుల్‌లోని ఒకే రో కోసం రెండు ట్రాన్సాక్షన్లు కొట్టుకుంటున్నాయి.

జీపీ2లోనే ఉన్నంతకాలం బర్స్ట్‌బ్యాలెన్స్ 40 శాతం కిందకి దిగితే, డిస్క్‌లో ఖాళీ 20 శాతం కంటే తగ్గితే (ఫ్రీస్టోరేజ్‌స్పేస్ బైట్లలో వస్తుంది, ఆ లెక్కలో రాయండి), కనెక్షన్లు మ్యాక్స్_కనెక్షన్స్‌లో 80 శాతం దాటితే మెయిల్ రావాలి. ఒక్క నిమిషపు ఎగుడుకి మోగనివ్వకండి, 5 నిమిషాల్లో 3 సార్లు దాటితే మోగేలా పెట్టండి. డేటా రాకపోవడాన్ని కూడా ప్రమాదంగానే లెక్కించమని చెప్పండి, లేకపోతే ఇన్‌స్టాన్స్ పడిపోయినప్పుడు అలారం నిశ్శబ్దంగా ఉండిపోతుంది.

ఎవరూ పట్టించుకోనివి రెండున్నాయి. మ్యాగ్జిమమ్‌యూజ్డ్‌ట్రాన్సాక్షన్ఐడీస్ (వాడేసిన ట్రాన్సాక్షన్ నంబర్ల లెక్క) 100 కోట్లు దాటితే వాక్యూమ్ (పాత రోలని శుభ్రం చేసే పని) ఎక్కడో ఆగిందని అర్థం, చాలాసార్లు రోజుల తరబడి తెరిచి ఉంచిన ట్రాన్సాక్షనే కారణం. పీజీ_స్టాట్_యాక్టివిటీలో (ఇప్పుడున్న సెషన్ల పట్టిక) "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఉన్నవాటిని వెతకండి. రెండోది, ఎవరూ చదవని రెప్లికేషన్ స్లాట్ (కాపీ తీసుకునే సర్వర్ ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టుకునేది). అది డబ్ల్యూఏఎల్ ఫైళ్లని (డేటాలో జరిగే మార్పుల లాగ్) పోనివ్వదు, డిస్క్ నిండేదాకా కూర్చుంటుంది. ఓల్డెస్ట్‌రెప్లికేషన్‌స్లాట్‌ల్యాగ్ మీద అలారం ఉంటే ముందే దొరుకుతుంది.

నెమ్మది క్వెరీల లాగ్ కోసం లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్‌ని 1000 మిల్లీసెకన్ల దగ్గర పెట్టండి, దీనికి రీబూట్ అక్కర్లేదు. సున్నా మాత్రం పెట్టకండి. ప్రతి క్వెరీ లాగ్‌లోకి వెళ్తుంది, ఆ లాగ్ ఫైళ్లు ఉండేదీ మీ డేటా ఉన్న స్టోరేజ్‌లోనే.