నాన్న సైకిల్‌కి బంగారు గీత చేత్తో వేయాలి, లైను నిలవడం లేదు. సలహా ఇవ్వగలరా?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. మాది తణుకు పక్కన పల్లెటూరు. నాన్నగారు 1976లో కొన్న నల్ల హెర్క్యులెస్ సైకిలు, 22 అంగుళాల ఫ్రేము, పశువుల పాకలో గోడకి చేరేసి ఉంటే ఈ మధ్యే బయటికి తీశాను. ఆ సైకిల్ మీదే ఆయన రోజూ బడికి వెళ్లి పాఠాలు చెప్పొచ్చేవారు, రానూ పోనూ 14 కిలోమీటర్లు.

తుప్పు గీకించి, కార్లకి పెయింటింగ్ చేసే షెడ్డులో నల్ల రంగు కొట్టించాను. రంగు చక్కగా కుదిరింది. ఇక గీతలే మిగిలాయి. కొన్న ఏడాదే నాన్నగారు బోర్డులు రాసే ఆర్టిస్టు చేత ఫ్రేమంతా గీతలు వేయించారట. గీకినప్పుడు ఫ్రేము మీదివి పోయాయి. వెనక మడ్‌గార్డుని మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. దాని మీద ఇప్పటికీ ఉన్నాయి: అగ్గిపుల్లంత పసుపు గీత, దాని పక్కన వెంట్రుకంత ఎర్ర గీత. చివరికి వచ్చేసరికి రెండూ కలిసి మామిడి పిందెలా వంపు తిరుగుతాయి. ఆ వంపు కొసన ఆర్టిస్టు బ్రష్ ఎత్తిన చోటు కూడా తెలుస్తుంది, తోక సన్నబడి సన్నబడి ఆగిపోతుంది. నాకు అలాంటి గీతే కావాలి.

మొదట మాస్కింగ్ టేపు వేసి గీశాను. టేపు తీస్తే రంగు కిందికి పాకి అంచు రంపం పళ్లలా వచ్చింది. తర్వాత బొమ్మలు వేసే ఒకటో నంబరు బ్రష్ తీసుకున్నాను. నాలుగు అంగుళాలు పోయేసరికి రంగు అయిపోతోంది, మళ్లీ ముంచి కలిపిన చోట గడ్డ కడుతోంది. గుండ్రటి పైపు కదా, గీత ఒక పక్కకి జారిపోతోంది. చేయి వణుకుతోంది. ఏ బ్రష్ వాడాలి? రంగు ఎంత పలచగా ఉండాలి? గీత మీద క్లియర్ (రంగులేని మెరుపు పూత) కొట్టించాలా?

వచ్చే నెల నాన్నగారికి 80 నిండుతాయి. చూపు బాగానే ఉంది, గీత వంకరపోతే నాకన్నా ముందు ఆయనకే కనబడుతుంది. అందుకే టెన్షన్.

బుల్లెట్ బాబు:

బ్రో, రేడియం స్టిక్కర్ల షాపులో గోల్డ్ కలర్ సన్న పట్టీ రోలు దొరుకుతుంది. నా బండి ట్యాంకుకి అదే వేశాను. అరగంట పని, ఇప్పటికి రెండేళ్లయింది.

గోదారి గట్టు:

థాంక్స్ బ్రదర్. తిన్నగా పోయే చోట స్టిక్కరు బాగానే ఉంటుంది. కానీ పైపులు కలిసే లగ్గుల దగ్గర చివర్లు లేస్తాయేమోనని భయం. పైగా ఆ సన్నబడే తోక స్టిక్కరుతో రాదు.

ఆటోనగర్ రంగులు:

బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లు లారీ బాడీలకి రంగులు వేశాను. నువ్వు మడ్‌గార్డు గీకించకుండా ఉంచడం చాలా మంచి పని. ఆ గీత మీద పల్చటి బటర్ పేపర్ పెట్టి ముందు ట్రేసింగ్ తీసుకో. కొలత దాంట్లోనే ఉంది.

లోపం నీ చేతిలో లేదు, బ్రష్‌లో ఉంది. ఒకటో నంబరు బ్రష్‌కి వెంట్రుకలు పొట్టి, అందులో రంగు నిలవదు. గీతలు లాగే బ్రష్‌కి వెంట్రుకలు అంగుళంన్నర, రెండంగుళాలు ఉంటాయి, పక్క నుంచి చూస్తే కత్తిలా ఉంటుంది. స్వోర్డ్ స్ట్రైపర్ అని ఆన్‌లైన్‌లో వెతుకు, ఉడత వెంట్రుకలతో చేస్తారు. అది దొరక్కపోతే ఆర్ట్ సామాన్ల షాపులో రిగ్గర్ బ్రష్ అని అడుగు. ఓడల బొమ్మల్లో తెరచాప తాళ్లు గీయడానికి వాడే బ్రష్ కాబట్టి దానికా పేరు. సింథటిక్‌వి కూడా ఇప్పుడు బాగానే వస్తున్నాయి. ముంగిస వెంట్రుకల బ్రష్ అని ఎవరైనా అమ్మితే మాత్రం తీసుకోకు, వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

రంగు సింథటిక్ ఎనామిలే, చిన్న డబ్బా చాలు. బంగారు పొడి కలిపిన గోల్డ్ పెయింటు కొన్నాళ్లకి నల్లబారుతుంది. మీ మడ్‌గార్డు గీత ఇన్నేళ్లయినా పసుపుగానే ఉందంటే ఆ ఆర్టిస్టు వాడింది మామూలు పసుపు ఎనామిలే అయి ఉంటుంది. నల్లటి దాని మీద దూరం నుంచి అదే బంగారంలా కనిపిస్తుంది.

రంగు పాలకన్నా చిక్కగా, మీగడకన్నా పలచగా ఉండాలి. చుక్క చుక్కగా టర్పెంటైన్ కలుపు. గ్లేజ్డ్ టైలు ముక్క తీసుకుని, బ్రష్ ముంచి, దాని మీద ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు పడుకోబెట్టి లాగు. వెంట్రుకలన్నీ ఒక్కటై కత్తి అంచులా తయారవ్వాలి. గీసేటప్పుడు పట్టిపట్టి పోతుంటే ఇంకో చుక్క టర్పెంటైన్ కావాలని అర్థం. గీత పరుచుకుంటుంటే పలచన ఎక్కువైనట్టు.

చక్రాలు, ఫోర్కు ఊడదీసి ఫ్రేముని నడుం ఎత్తున కదలకుండా కట్టు. బ్రష్ దాదాపు పడుకోబెట్టి పట్టుకో. గీతని నీ వైపుకే లాగాలి, అవతలికి తొయ్యకూడదు. చిటికెన వేలు పైపు మీద ఆనించి ఉంచు, అదే నీకు స్కేలు. వేళ్లు, మణికట్టు కదలకూడదు, భుజం నుంచి చేయంతా కదలాలి. లారీకి పొడుగు గీత లాగేటప్పుడు మేం బ్రష్ పట్టుకుని నడిచేస్తాం. మందం మారకుండా ఉండాలంటే నొక్కుడు, వేగం మారకూడదు, అంతే.

పైపు మీద తిన్నదనం కోసం: కాగితం పట్టీ పైపు చుట్టూ చుట్టి, సరిగ్గా కలిసిన చోట కోసి, నాలుగు మడతలు పెట్టు. ఆ మడతల గుర్తులు పైపుకి రెండు కొసల్లో వెయ్యి. గీత పడే చోటికి వేలెడు దూరంలో ఆ గుర్తుల వెంట టేపు అంటించు. రంగు టేపుకి తగలకూడదు, నీ చిటికెన వేలే దాని అంచు పట్టుకుని పోవాలి.

తప్పు పోతే భయపడకు. తడిగా ఉండగానే గుడ్డకి కాస్త టర్పెంటైన్ అద్ది తుడిచెయ్యి. ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపే ఘాటైన థిన్నర్) జోలికి మాత్రం పోకు, కింద రంగు లేచిపోవచ్చు. అసలు ఆ టర్పెంటైన్‌ని కూడా ముందు పెడల్ ఇరుసు గూడు అడుగున, ఎవరికీ కనపడని చోట, రుద్ది చూడు. నలుపు కొట్టించి పది రోజులన్నా అయ్యాకే మొదలుపెట్టు.

క్లియర్ వద్దు. కార్ల క్లియర్‌లో ఘాటైన థిన్నర్ ఉంటుంది, ఎనామిల్ గీత ముడతలు పడే ప్రమాదం ఉంది. మీ మడ్‌గార్డు మీద క్లియర్ ఉన్నట్టు లేదు, అయినా గీత నిలిచింది కదా.

చుక్కల ముగ్గు:

నాకు పెయింటింగ్ తెలియదు గానీ ధనుర్మాసం వస్తే నెలరోజులూ వాకిట్లో ముగ్గు పెడతాను. పొడుగు గీత తీసేటప్పుడు వేళ్ల సందున జారే పిండి వైపు చూస్తే గీత వంకరపోతుంది. చేరాల్సిన చుక్క మీద చూపు పెట్టాలి, చేయి దానంతటదే అక్కడికి పోతుంది. బ్రష్‌కి కూడా అలాగే చేసి చూడండి.

ఆటోనగర్ రంగులు:

అమ్మా, నూటికి నూరుపాళ్లు నిజం. అది చెప్పడం నేనే మర్చిపోయాను. చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకుల మీద ఇద్దరు అన్నదమ్ములు చేత్తో గీతలు లాగే వీడియోలు ఉన్నాయి. బ్రష్ ఒక్కసారి పెడితే మధ్యలో ఆపరు. బాబూ, వెతికి ఒకటి చూడు.

గోదారి గట్టు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రిగ్గర్ బ్రష్ రాజమండ్రిలో దొరికింది. మా సైకిల్ పై బార్ అంగుళం లావు, అందుకని అంగుళం పీవీసీ పైపు కొని దాని మీద ప్రాక్టీస్ చేశాను. మొదటి రోజు అరవై గీతలు లాగి ఉంటాను, అన్నీ వంకరే. రెండో ఆదివారం ముగ్గు మాట గుర్తుపెట్టుకుని బ్రష్ కొస వైపు చూడటం మానేశాను. అవతలి కొసన పెన్సిల్ గుర్తు ఒక్కటే చూశాను. చేతికి బ్రష్ బరువు తెలియలేదు. తలెత్తి చూస్తే జానెడు గీత తిన్నగా ఉంది.

నిన్న పై బార్ రెండు పక్కలా అయ్యింది. ఎడమ వైపు మూడుసార్లు తుడిచాను, నాలుగోసారి కుదిరింది. నాన్నగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. నేను ఊపిరి బిగబట్టి లాగుతుంటే, "ఆ ఆర్టిస్టు అలా గీసేవాడు కాదురా, సన్నగా ఏదో పాట పాడుకుంటూ లాగేవాడు" అన్నారు. ఊపిరి వదులుతూ లాగి చూశాను. నిజంగానే వణుకు తగ్గింది. ఎర్ర గీత పసుపు ఆరాక ఈ రోజు పొద్దున వేశాను. తోక ఇంకా పూర్తిగా రాలేదు, కొస మొద్దుగా ఉంది.

గురువుగారూ, ఒక్క సందేహం. ఫోర్కు కాళ్లు కిందికి సన్నబడతాయి కదా, అక్కడ రెండు గీతలు ఎలా సర్దాలి?

ఆటోనగర్ రంగులు:

పైన రెండు గీతల మధ్య ఉన్న సందుని కిందికి వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ రా. ఇరుసు పైన రెండంగుళాల దగ్గర రెండూ కలిసిపోవాలి. తోక కూడా అక్కడే. కొస మొద్దుగా రావడానికి కారణం, బ్రష్ ఆపి ఎత్తుతున్నావు. ఆపొద్దు. విమానం లేచినట్టు, చేయి పోతూ ఉండగానే కొద్దికొద్దిగా పైకి లేపు. ముందు పీవీసీ పైపు మీద ఓ ఇరవై తోకలు లాగి, అప్పుడు ఫోర్కు పట్టుకో. అయ్యాక ఫోటో పెట్టు, మడ్‌గార్డు కూడా పక్కనే కనపడేలా తియ్యి.