పండుగ చెట్టుకు ఎండు నారింజ చక్రాలు: అలంకారమా, తిండి వృథానా?

మంచునేల (మిన్నెసోటా)

మా ఇంట్లో ఈ డిసెంబరులో మొదలై ఇంకా తెగని ఒక వాదనను ఇక్కడ పెడుతున్నాను. అమెరికాలో మేముండే చోట క్రిస్మస్ చెట్టుకూ కిటికీలకూ ఎండిన నారింజ చక్రాలను దారానికి గుచ్చి వేలాడదీయడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. మా అమ్మాయి అడగగా నేను కూడా నాలుగు నేవల్ నారింజలను అర సెంటీమీటరు మందాన అడ్డంగా కోసి, పాత తువాలుతో అద్ది రసం తీసేసి, ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 93 డిగ్రీల సెల్సియస్ వేడిలో పెట్టి, గంటకొకసారి తిరగేస్తూ ఐదు గంటల్లో ముప్పై చక్రాలు తయారు చేశాను. వాటిని వీడియో కాల్‌లో చూపించినప్పుడు మా అత్తగారు ఒకే మాట అన్నారు: "తినే పండును ఎండగట్టి కిటికీకి వేలాడదీస్తారా తల్లీ?" అప్పటికి నాకు జవాబు తోచలేదు. వినాయక చవితికి పాలవెల్లికి మనం పండ్లు కట్టడం లేదా అన్న మాట కాల్ ముగిశాక గుర్తొచ్చింది. ఇది నిజంగా వృథాయేనా? పెద్దలు చెప్పండి.

మితభాషి (విజయవాడ)

మంచునేల గారూ, పాలవెల్లి పోలిక మీకు అనుకూలంగా కనిపిస్తుంది గాని, అది మీ అత్తగారి పక్షానే సాక్ష్యం చెబుతుంది. పాలవెల్లికి మనం కట్టే దానిమ్మ, సీతాఫలం, వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు అన్నీ పచ్చివి. ఉద్వాసన చెప్పిన తరువాత వాటిని విప్పి ఇంటిల్లిపాదీ పంచుకుని తింటాం. మీ చక్రాలు మాత్రం మూడు వారాలు దుమ్ము పట్టి చెత్తబుట్టకు వెళతాయి. మనకు ఎండబెట్టడం తెలియక కాదు. మామిడి ఒరుగులు, తాండ్ర, వడియాలు, ఊరమిరపకాయలు అన్నీ ఎండలోనే పుట్టాయి. అయితే ఎండ మనకు తిండిని దాచుకునే ఉపాయమే తప్ప, తిండిని తిండి కాకుండా చేసే ఉపాయం ఎన్నడూ కాలేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం ఇళ్ళలోనే పోయింది. మీ నాలుగు పండ్లు ఆ లెక్కలో కనిపించనంత చిన్నవని నాకూ తెలుసు. కాని అందులో ప్రతి ఇంటి వాటా అంత చిన్నదిగానే మొదలవుతుంది. పేరుకు తగ్గట్టు క్లుప్తంగా రాయాలనే కూర్చున్నాను, క్షమించండి.

కాకినాడ కోడలు

మేము క్రైస్తవులం, క్రిస్మస్ మా ఇంటి పండుగ. కాబట్టి వృథా సంగతి కంటే ముందు, ఈ పని మన తీరంలో నిలుస్తుందా అన్నది నా ప్రశ్న. నిరుడు డిసెంబరు మొదటి వారంలో, ఇంటర్నెట్‌లో చూసిన పద్ధతినే అనుసరించి, మా చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో) రెండు విడతలుగా చక్రాలు ఎండబెట్టాను. బయటికి తీసినప్పుడు అవి గాజుబిళ్ళల్లా గలగలలాడాయి. నాలుగో రోజుకు మెత్తబడ్డాయి, వారానికి వేలికి అంటుకున్నాయి, ఆ తరువాత దారం వెంట చీమల బారు మొదలైంది. పండుగ నాటికి రెండింటి అంచున బూజు కూడా కనిపించింది.

ఆలోచిస్తే కారణం తేలికగానే తెలిసింది. పండులోని నీరు పోయినా చక్కెర పోదు. ఆ చక్కెర గాలిలోని తేమను తిరిగి లాక్కుంటుంది. డిసెంబరులో ఉదయం పూట గాలిలో తేమ 70 శాతం దాటడం మా తీరంలో వింతేమీ కాదు. మంచునేల గారి ఊళ్ళో గడ్డకట్టే చలిగాలిని ఇంట్లోకి తెచ్చి వేడి చేస్తారు గనుక ఆ గాలి పొడిబారి, చక్రాలను ఎండినవి ఎండినట్టే ఉంచుతుంది. అంటే చక్రాలను సగం ఓవెన్ ఎండబెడితే, మిగతా సగం అక్కడి చలికాలపు ఇల్లు ఎండబెడుతోంది. మాకు ఆ రెండో సగం లేదు. వార్నిష్ పూస్తే నిలుస్తాయని కొందరు చెప్పారు గాని, అప్పుడవి ఎరువు గుంటలో వేయడానికి కూడా పనికిరావు.

బత్తాయి రైతుబిడ్డ (నల్గొండ)

ఇక్కడ ఎవరూ పండు గురించి మాట్లాడకపోవడం నాకు కొంచెం ఆశ్చర్యంగా ఉంది. కాకినాడ కోడలు గారూ, మీరు వాడినది నాగపూర్ కమలా అయి ఉంటుందని నా అనుమానం. కమలాకు తొక్క వదులుగా ఉంటుంది. ఎండుతున్నప్పుడు తొనలు ఒకవైపుకు, తొక్క మరొకవైపుకు లాగి చక్రం విడిపోతుంది. నేవల్ నారింజకు తొక్క తొనలను గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన సాత్‌గుడి బత్తాయి కూడా అదే జాతి, దాని తొక్క కూడా అలాగే పట్టుకుని ఉంటుంది కాబట్టి చక్రం చెక్కుచెదరదు. రంగు మాత్రం రాదు. నారింజ జాతి కాయలకు ఆ పసుపు ఎరుపు రంగు రావాలంటే చల్లని రాత్రులు కావాలి. మన వేడిలో పండినా తొక్క ఆకుపచ్చగానే ఉండిపోతుంది, లోపలి గుజ్జు లేత గడ్డి రంగులో ఎండుతుంది. నాకు ఆ రంగే ఇష్టం. అది వేరే చర్చ.

వృథా అన్న మాటకు వస్తే, మా తోటలో మంగు పట్టిన కాయలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మంగు నల్లి తొక్కను గీకి నల్లబరుస్తుంది; లోపల రసం బాగానే ఉంటుంది గాని, చూపుకు బాగాలేదని వ్యాపారి ధర తగ్గిస్తాడు. చక్రంగా కోస్తే ఆ తొక్క సన్నని అంచుగా మాత్రమే మిగులుతుంది. అలంకారానికి అలాంటి కాయలను కొంటే రైతుకు నాలుగు రూపాయలు వస్తాయి. మితభాషి గారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

మితభాషి (విజయవాడ)

వేసుకుంటాను. మంగు కాయను తక్కువ ధరకు కొని రసం తీసుకుని తాగినా రైతుకు అదే నాలుగు రూపాయలు వస్తాయి కదా, రైతుబిడ్డ గారూ.

మంచునేల (మిన్నెసోటా)

అందరికీ ధన్యవాదాలు. ఓవెన్ ఐదు గంటలు నడిపినందుకు కరెంటు సంగతి ఎవరైనా అడుగుతారనుకుని ముందే ఆలోచించి పెట్టుకున్నాను. 2000 వాట్ల ఓవెన్ ఐదు గంటలు నిరంతరం కాలదు. కోరిన వేడి అందగానే ఆగి మళ్ళీ వెలుగుతుంది. అదీ కాక, ఈ చలిలో ఓవెన్ నుంచి వచ్చే వేడి ఇంట్లోనే ఉండి ఇంటిని వెచ్చబరుస్తుంది. అదే వేడి కాకినాడలో అయితే ఫ్యాన్ వేసి తోలుకోవలసిన వేడి అవుతుంది. కాకినాడ కోడలు గారి మాట చదివిన తరువాత, ఈ ఆచారం ఇక్కడి వాతావరణంతో పెనవేసుకున్నదని, దానిని ఊరు మార్చి నాటితే బతకదని ఒప్పుకుంటున్నాను.

తిండి సంగతిలో మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను. పువ్వులు కొని మాల కడతాం, బియ్యప్పిండితో ముగ్గు వేస్తాం. ముగ్గును చీమలు తింటాయి కదా అని మీరనవచ్చు, అది అందమైన సమాధానమే. అయితే నా చక్రాలకు నేను వార్నిష్ పూయలేదు, జనవరిలో దారం తీసేసి వాటిని పెరట్లో ఎరువు డబ్బాలో వేస్తాను.

కాకినాడ కోడలు

ఈ ఏడాది నేను దారి మార్చాను. పండ్లు ఒలిచి పిల్లలకు పెట్టి, తొక్కను మాత్రం బల్లపరుపుగా పరిచి, బిస్కెట్లు కోసే అచ్చుతో నక్షత్రాలుగా కోసి, వంకర తిరగకుండా రెండు జల్లెడల నడుమ ఉంచి ఎండబెట్టాను. తొక్కలో గుజ్జులో ఉన్నంత చక్కెర లేదు కాబట్టి కాస్త గట్టిగానే నిలిచింది. రెండు వారాలైనా చీమ చేరలేదు. పైగా గుమ్మంలో వెదురు కర్రకు కట్టే కాగితపు నక్షత్రం మాకు ఎలాగూ ఉంది, దాని చుట్టూ ఈ చిన్న నక్షత్రాలు నప్పాయి. కమలా తొక్క వదులుగా ఉండటం ఇక్కడ కలిసొచ్చిందని రైతుబిడ్డ గారికి విన్నవించుకుంటున్నాను.

మితభాషి (విజయవాడ)

దీనికి నాకు అభ్యంతరం ఏమీ లేదు. మంచునేల గారు కూడా వచ్చే ఏడాది ఇదే చేయవచ్చు, అత్తగారూ సంతోషిస్తారు.

మంచునేల (మిన్నెసోటా)

నిన్న చేసి చూశానండీ. నక్షత్రాలు ముద్దుగానే ఉన్నాయి. అయితే ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. దానికి ముందు ఓ అరగంట పాటు ఏటవాలు వెలుతురు కిటికీలోంచి వచ్చి ఆ చక్రాల తొనల గుండా గదిలోకి దిగుతుంది. తొక్క గుండా వెలుతురు రాదు. అందుకే పది చక్రాలు మాత్రం కిటికీకి ఉంచి, మిగిలిన ఇరవై చక్రాలనూ పాత కాగితంలో చుట్టి పెట్టాను, వచ్చే ఏడాదికి పనికొస్తాయేమో చూడాలి. అత్తగారికి ఈసారి సాయంత్రం నాలుగింటప్పుడు వీడియో కాల్ చేద్దామంటే, అప్పటికి ఆవిడకు తెల్లవారుజాము మూడున్నర అవుతుంది.