స్వచ్ఛంద సంస్థకి ఎంబీఏ ప్రాజెక్టు: ఎంతవరకు ఒప్పుకోవాలి?

నమస్కారమండీ. ఒంగోల్లో ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్నాం, నలుగురం. కనిగిరి వైపు ఊళ్ళలో ఆర్‌వో నీళ్ళ ప్లాంట్లు నడిపే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకి ఉచితంగా సలహా ఇవ్వడమే మా సెమిస్టర్ ప్రాజెక్టు. అక్కడి ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, చాలా బోర్లు ఆ గీత ఎప్పుడో దాటాయి.

మొదట వాళ్ళడిగింది ఒక్కటే: క్యాను ఎంతకి అమ్మితే కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ మార్చే ఖర్చు వస్తాయి? ఇప్పుడేమో వెబ్‌సైటు చెయ్యండి, సీఎస్‌ఆర్ నిధులకి (కంపెనీలు సామాజిక సేవకి ఇచ్చే డబ్బు) ప్రపోజల్ రాయండి అంటున్నారు. 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు లేని సంస్థకి కంపెనీలు ఆ నిధులివ్వడం కుదరదు. వీళ్ళకి అదీ లేదు, దానికి కావలసిన 12ఏ, 80జీ అనే ఆదాయపన్ను మినహాయింపు కాగితాలూ లేవు. అది ఆడిటర్ చూడాల్సిన పని. కానీ సంస్థ నడిపే సారు మా నాన్న వయసువారు, మొహమ్మీద కాదనాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి ప్రాజెక్టు చేసినవాళ్ళు చెప్పండి. ఏం చేస్తాం, ఏం చెయ్యం అనేది కాగితం మీద ఎలా రాసుకున్నారు? సంతకం మా గైడ్‌ పెట్టాలా, మేం పెడితే చాలా? లెక్కలన్నీ నోటుపుస్తకాల్లోనే ఉన్నాయి, కొన్ని నెలలవి దొరకడం లేదు. కరెంటు బిల్లులు పట్టుకుని అమ్మకాలు అంచనా కట్టొచ్చా? రూపాయి పెంచినా మళ్ళీ బోరు నీళ్ళకే వెళ్ళే ఇళ్ళుంటాయి, నాకు అసలు భయం అదే. వాళ్ళని లెక్కలోకి ఎలా తీసుకోవాలి? తెలుగులో నమూనా ఒప్పందం ఉంటే పెట్టండి.